తింప్సిలా చెయ్యి చాపిన వైపు

జూన్ నెలకి మా లకోటా భాషలో దాని పేరే.
తింప్సిలా కాయలు ముదిరే చంద్రుడు.
ఆ చంద్రుడు ముదిరిపోకముందే వెళ్ళాలి.
వారం ఆలస్యమైతే
కాడ మొదట్లో పుటుక్కున విరిగి
మొక్క మొక్కంతా గాలిలో దొర్లిపోతుంది.
కింద దుంప ఉంటుంది,
పైన ఆనవాలుండదు.

మా ఉంచీ డెల్ఫీన్, అంటే మా అమ్మమ్మ,
పాత ఫోర్డు ట్రక్కు ఇరుసు సాగగొట్టించి చేయించుకున్న గునపం
భుజాన వేసుకుని ముందు నడుస్తుంది.
"మా ఇంట్లో ఇంకా పనిచేస్తున్న ఫోర్డు అదొక్కటే"
అంటాడు వర్డెల్ మామయ్య.

మొదటిది దొరకడమే కష్టం.
బూడిద నూగు కాడ, అయిదు వేళ్ళ ఆకు,
నీలమో ఊదానో తేల్చుకోలేని పువ్వు.
కాలేజీలో చెప్పారు, చిక్కుడు కుటుంబమట.
ఉంచీకి ఆ చుట్టరికంతో పనిలేదు.
మొదటిది దొరికాక ఇక ఎవర్నీ అడగక్కర్లేదు,
అదే కొమ్మ చాపి చెబుతుంది:
అదిగో, అక్కడ మా అక్క.

నేల గట్టిది.
గునపం దిగాక ఒళ్ళంతా దానిమీద వేసి ఊగాలి.
వేరు తెగిన చప్పుడు చిన్నదే,
లోపలెవరో మెటికలు విరిచినట్టు.
దుంప తీసిన గుంటలోకి కాయలు నలిపి రాల్చి
మట్టి కప్పి
మడమతో రెండుసార్లు అదుముతుంది ఉంచీ.
"ఇదేనా సాగు?" అన్నాను ఒకసారి.
"మరి ఇన్నేళ్ళూ ఎవరు పండించారనుకున్నావు,
గాలా?"

నేను చదువుకున్నదాన్ని కదా,
విత్తనాల్ని గరుకు కాగితం మీద రుద్ది
రాత్రంతా నానబెట్టి
ఇంటి వెనక పదహారు పెయింటు డబ్బాల్లో నాటాను.
తొమ్మిది మొలిచాయి.
ఒక్కొక్కటీ మూడాకులు వేసి, ఎండాకాలం సగంలో మాయం.
చచ్చాయనుకుని రెండు డబ్బాలు పారబోశాను.
మూడోదాంట్లో ఎందుకో వేలు పెట్టి చూస్తే
బఠాణీ గింజంత దుంప
కళ్ళు మూసుకుని ఉంది.
పారబోసిన మట్టి వైపు ఒకసారి చూసి
ఉంచీ లోపలికి వెళ్ళిపోయింది.
తిట్టినా బాగుండేది.

ఈ ఏడు కంచె దగ్గర ఒకటి కనిపించింది.
దాని కొమ్మల్లో ఒకటి కంచె అవతలికి చూపిస్తోంది.
అవతల పొద్దుతిరుగుడు, వరసలు వరసలు.
మా అమ్మ పుట్టకముందే దున్నేసిన నేల.
నాగలి తిరిగిన చోట తింప్సిలా మళ్ళీ రాదు.
"ఇది తప్పు చూపిస్తోంది" అన్నాను.
"తప్పేం కాదు. అక్కడ ఉండేది.
దీనికి వాళ్ళమ్మ చెప్పింది" అంది ఉంచీ.
దాన్ని తవ్వలేదు.
చుట్టూ తిరిగి వెళ్ళింది,
నిద్రపోతున్న మనిషిని దాటకుండా వెళ్ళినట్టు.

సాయంత్రం మెట్లమీద కూచుని తొక్క తీస్తాం.
నల్లటి బెరడు జారితే లోపల ఉడికిన గుడ్డు తెలుపు.
పచ్చిది కొరికితే కరకర, కాస్త తీపి, కాస్త మట్టి.
వేళ్ళ తోకల్ని మూడు పాయలు చేసి జడ అల్లుతాం,
పెద్దవి పైన, చిన్నవి కిందికి.
నా చిన్నప్పుడు జడని నా పక్కన నిలబెట్టి కొలిచేవాళ్ళు,
ఎవరు ఎక్కువ పెరిగారో అని.
ఒక జడ అమ్మేస్తాం, పెట్రోలు బాకీ ఉంది.
మిగతావి మంచుకాలానికి:
ఎండు మాంసంతో కలిపి పులుసు,
దంచిన పిండి అడవి చెర్రీల గుజ్జులో చిక్కదనానికి,
పళ్ళొస్తున్న మెర్లిస్ కొడుకు
నమలడానికి ఒకటి.

డబ్బాలకి ఇది నాలుగో ఏడు.
ఏడింట్లో ఒక్కదానికి పువ్వొచ్చింది.
ఎటు చూపిస్తుందో అని
మోకాళ్ళమీద వంగి చూశాను.
ఒక కొమ్మ పక్క డబ్బా వైపు.
ఇంకోటి
ఏమీ లేని చోటికి,
అప్పుడు ఆ రెండు డబ్బాల మట్టి పారబోసిన చోటికి.

గునపం ముట్టుకోలేదు.
కాఫీ మగ్గు నిండా నీళ్ళు పట్టుకుని
అటు నడిచాను.